టైనీఎక్స్‌ఎంఎల్-2: నాలుగేళ్లు వాడాక, ఆ కోలన్ ముందున్న ముక్క గురించి

ఒక చిన్న డివైస్ నుంచి సోప్ సర్వీస్‌తో (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో నడిచే సర్వర్) మాట్లాడ్డానికి నాలుగేళ్లుగా ఈ టైనీఎక్స్‌ఎంఎల్-2 పార్సరే, అంటే ఎక్స్‌ఎంఎల్‌ని చదివిపెట్టే సీ++ లైబ్రరీయే, వాడుతున్నా. ఒక హెడర్ ఫైలు, ఒక సీపీపీ ఫైలు ప్రాజెక్టులో పడేస్తే పనైపోద్ది, అందుకే మొదట్లో అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే ముందు ఒకటి అడుగుతున్నా, అవతలి సర్వర్ మీ చేతిలో ఉందా అని.

ఎందుకంటే దీనికి నేమ్‌స్పేస్ (ఒక ట్యాగ్ పేరు ఏ గుంపుకి చెందిందో చెప్పే ఏర్పాటు) అంటే ఏంటో తెలీదు. "సోప్:ఎన్వలప్" అని మెసేజ్ అన్నిటికన్నా బయటి ట్యాగ్ ఉంటే, దీని లెక్కలో కోలన్‌తో సహా అది ఒకటే పేరు. నేనూ కోడ్‌లో ఆ పేరే పెట్టి వెతికా, మూడేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే డివైస్‌లన్నీ వరసపెట్టి రీస్టార్ట్ అవుతున్నాయని ఫోన్. నెట్‌వర్క్ అనుకున్నా, సర్టిఫికెట్ అనుకున్నా, మెమరీ లీకేమో అని అర్ధరాత్రి దాకా తవ్వా, చివరికి రిప్లైని ఫైల్లోకి దింపి పాతదాని పక్కన పెట్టి చూస్తే "సోప్:ఎన్వలప్" కాస్తా "ఎస్:ఎన్వలప్" అయింది, అంతే తేడా! అవతల ఫ్రేమ్‌వర్క్ మార్చారంట. వెతికిన పేరు దొరక్క మనకి నల్ పాయింటర్ (ఏమీ లేదనే జవాబు) వచ్చింది, చెక్ చేయకుండా దాన్నే తర్వాతి ఎలిమెంట్ అడిగా, క్రాష్.

వాళ్లని అనడానికి లేదు. 1999 నాటి నేమ్‌స్పేస్ స్పెక్ ప్రకారం ప్రిఫిక్స్, అంటే కోలన్ ముందున్న ముక్క, ఎవరిష్టం వాళ్లది, అసలు గుర్తు దాని వెనకున్న యూఆర్ఐ (వెబ్ అడ్రస్‌లా ఉండే పేరు).

సరే అని కోలన్ దాకా కోసేసి మిగతా పేరు పోల్చా. అది కూడా సగం వైద్యమే. తర్వాత కలిపిన ఇంకో సర్వీస్ సోప్ 1.2 వెర్షన్ మాట్లాడుతుంది, మొదటిది 1.1, రెండిట్లోనూ ఎన్వలప్, ఫాల్ట్ (ఎర్రర్ చెప్పే ట్యాగ్) అవే పేర్లు, యూఆర్ఐ మాత్రం వేరు. నా కోడ్ ఫాల్ట్ లోపల 1.1 పద్ధతిలో "ఫాల్ట్‌స్ట్రింగ్" వెతికింది, 1.2లో అది "రీజన్", దాంతో లాగ్‌లో ఖాళీ ఎర్రర్లు. చివరికి ఎలిమెంట్ నుంచి పైకి ఎక్కుతూ "ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్" ఆట్రిబ్యూట్ (ప్రిఫిక్స్‌కి యూఆర్ఐ ఏదో రాసుండేది ఇక్కడే) వెతికి యూఆర్ఐ తెచ్చే చిన్న ఫంక్షన్ రాసుకున్నా, అప్పుడే నిద్రపట్టింది.

ఎక్స్‌పాట్ అనే ఇంకో పార్సర్‌లో, నేమ్‌స్పేస్ మోడ్ ఆన్ చేస్తే, ఈ పని పార్సరే చేస్తుంది, యూఆర్ఐని పేరుకి జోడించి ఇస్తుంది. కాకపోతే కాల్‌బ్యాక్‌లతో (ట్యాగ్ వచ్చినప్పుడల్లా పార్సర్ పిలిచే మన ఫంక్షన్లు) రాయాలి, ఒకే టెక్స్ట్ ముక్కలుముక్కలుగా రావచ్చు, అది మనమే అతికించుకోవాలి. నా కోడంతా ట్రీ మీద, అంటే మొత్తం డాక్యుమెంట్‌ని మెమరీలో పెట్టుకుని, నడుస్తుంది కాబట్టి మార్చలేదు. కాన్ఫిగ్ ఫైళ్లకైతే ఇప్పటికీ కళ్లు మూసుకుని ఇదే వాడతా, కొత్తగా సోప్ క్లయింట్ రాయాల్సొస్తే మాత్రం ఎక్స్‌పాట్‌తోనే మొదలుపెడతానేమో.