అయ్యగారి జీతం: పైనుంచి వస్తే మేలా, సంఘమే పోషిస్తే మేలా?

మా గుంటూరులో ఏ చర్చి సంఘ కమిటీలోనైనా అందరూ నీళ్లు నమిలే విషయం అయ్యగారి, అంటే పాస్టర్ గారి, జీతం. మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు, బయట చెప్పులు వేసుకునే దగ్గర మాత్రం అందరూ మాట్లాడతారు. కొన్నాళ్లు కోశాధికారిగా లెక్కలు రాసినవాణ్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను.

మొదటిది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి పాత సంఘాల పద్ధతి. విజయవాడ కేంద్రంగా ఉన్న కృష్ణా-గోదావరి అధ్యక్ష ఖండాన్నే, అంటే బిషప్ గారి కింద ఉండే డయోసీస్‌నే తీసుకోండి. సంఘాలు చందాల్లోంచి, కానుకల్లోంచి వాటా పైకి కడతాయి, జీతం పైనుంచి వస్తుంది. దీంట్లో గొప్ప సుగుణం ఏంటంటే, టౌన్లో డాక్టర్లు, లెక్చరర్లు ఉన్న సంఘంలో పనిచేసినా, ప్రత్తిపాడు వైపు కూలీల సంఘంలో పనిచేసినా జీతంలో పెద్ద తేడా ఉండకూడదన్నది లెక్క. ఇంకోటి, పెద్ద కానుక వేసే ఆసామి తాగి భార్యను కొడుతున్నాడనుకోండి, అయ్యగారు ధైర్యంగా మందలించగలరు. వాటాలు బకాయి పడితే మాత్రం జీతాలూ ఆగుతాయి, బదిలీల రాజకీయం సరేసరి.

పైనుంచి వస్తుందిలే అన్న ధీమా మనకు కొత్తది కాదు. అమెరికా మిషనరీ హెయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాక చాలాకాలం డబ్బు అమెరికా నుంచి వచ్చింది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది గానీ, మిషన్ వాళ్లు చూసుకుంటారన్న అలవాటు కొన్ని కుటుంబాల్లో తాతల నుంచి మనవళ్ల దాకా వచ్చిందని నా అభిప్రాయం.

రెండోది స్వతంత్ర సంఘాలు. విజయవాడ సందుల్లో రేకుల షెడ్డు వేసుకుని నడిపేవి ఇవే. దశమ భాగం (సంపాదనలో పదో వంతు), కృతజ్ఞత కానుక, ఆడవాళ్లు వంటకు ముందు తీసి పెట్టే పిడికెడు బియ్యం, అదే పాస్టర్ గారి జీతం. ఇచ్చేవాళ్లకు ఎవరికిస్తున్నామో కళ్లెదుట కనబడుతుంది కాబట్టి చేతులు బాగానే తెరుచుకుంటాయి. కానీ మిర్చి యార్డు కూలీల సంఘమైతే, వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు కానుకల సంచి చప్పుడే మారిపోతుంది. పైగా సంఘం డబ్బు, ఇంటి డబ్బు ఒకే బీరువాలో ఉంటాయి. పాస్టర్ గారు నిజాయితీపరుడైనా అనుమానం రాక మానదు, లెక్క అడిగితే అవిశ్వాసం, అడగకపోతే గుసగుస.

క్యాథలిక్ విచారణ (పారిష్) గురువులను ఈ పోలికలోకి తేవడం అనవసరం. ఉండటానికి గురు నివాసం, కొద్దిపాటి అలవెన్సు, పూజ కానుకలు, పెళ్లాం పిల్లలు లేరు. పిల్లల ఫీజులు కట్టే పాస్టర్‌కు ఆ లెక్క పనికిరాదు. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం పెట్టింది, అదీ నెలల తరబడి ఆగి తర్వాత విడుదలైన సందర్భం ఉంది, దాన్ని నమ్ముకుని ఇంటద్దె ఒప్పుకోలేం. ఉద్యోగం చేసుకుంటూ సేవ చేసేవాళ్లు ఎవరికీ భయపడరు, నిజమే, కానీ మంగళవారం పొద్దున చావు కబురు వస్తే సెలవు ఎవరిస్తారు?

నా ఓటు మొదటి పద్ధతికే. అయితే ఒక మెలిక ఉంది. మనం జీతం గురించి కొట్టుకుంటాం, ఖర్చుల సంగతి ఎవరికీ పట్టదు. పొద్దున టౌన్లో ఆరాధన, ఆ తర్వాత రెండు ఊళ్లు, సాయంత్రం జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, రోగి దగ్గర ప్రార్థన, ఈ పెట్రోలంతా జీతంలోదే. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ అమ్మగారు (అయ్యగారి భార్య) టీ పెట్టాలి, గ్యాస్ సిలిండర్ మాత్రం వాళ్లదే. గృహప్రవేశ ప్రార్థన అయ్యాక మడతపెట్టిన నోటు చేతిలో పెడతారు కదా అంటారు. పెడతారు, ఉన్నవాళ్ల ఇంట్లో. లేనివాళ్ల ఇంట్లో సమాధి పెట్టె కోసం అయ్యగారే జేబులో చెయ్యి పెట్టడం చూశాను. అలా జీతంలో ఎంత కరుగుతుందో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

ఇంగ్లండు చర్చిలో జీవన భృతి వేరు, పని ఖర్చులు వేరు, ప్రయాణం, ఫోను లాంటివి పారిష్ విడిగా తిరిగి చెల్లించాలన్నది పద్ధతి. అంత దూరం ఎందుకు, మన దేవాలయాలకు ప్రభుత్వం ఇచ్చే ధూప దీప నైవేద్యం పథకంలోనే అర్చకుడి భృతికీ పూజా సామగ్రికీ విడివిడి పద్దులున్నాయి. మనకేం అడ్డం?

జీతం పైనుంచే రానివ్వండి, పెట్రోలు, ఫోను, అతిథుల ఖర్చు స్థానిక సంఘం భరించాలి. బిల్లు ఉంటే బిల్లు, లేకపోతే నోటుబుక్కులో తేదీ, ఊరు, కిలోమీటర్లు, నెలాఖరుకు కోశాధికారి సంతకం. చిన్న సంఘాలు మూడు నాలుగు కలిసి పంచుకోవచ్చు. అదీ కుదరకపోతే కోతపండుగకు చర్చికి తెచ్చిన పంటల వేలంలో వచ్చిన డబ్బు ఈ పద్దుకే అని ముందే తీర్మానం రాసుకోండి. గుమ్మడికాయను పోటాపోటీగా పాడుకునేవాళ్లకు అది పెట్రోలుకు పోతుందని తెలిస్తే ఇంకో వంద పెంచుతారే గానీ తగ్గించరు.