జాగ్రత్త: అమెరికా యూనివర్సిటీ డైనింగ్ ఇంటర్న్‌షిప్ అని చెప్పి అంట్ల గదిలో నిలబెడుతున్నారు

హోటల్ మేనేజ్‌మెంట్, ఫుడ్ టెక్నాలజీ, న్యూట్రిషన్ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ, ఈమధ్యే పాసైనవాళ్లూ ఒకసారి ఆగి చదవండి. అమెరికా యూనివర్సిటీ డైనింగ్‌లో పన్నెండు నెలల పెయిడ్ ఇంటర్న్‌షిప్, జే-1 (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్) వీసా, రూము, ఫ్రీ భోజనం అంటూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. వీటిలో మంచివి లేకపోలేదు. కానీ డబ్బు కట్టి వెళ్లినవాళ్లలో కొందరికి దక్కుతున్నది వారానికి ఐదు రోజులూ అంట్లు తోమే డిష్‌రూమే. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ బోర్డు తీసేసి రేపు ఇంకో బోర్డు పెడతారు, పేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక ఫారం: డీఎస్-7002.

అందరూ డీఎస్-2019 (జే-1 అర్హత పత్రం) వచ్చిందా అనే అడుగుతారు, వీసా ఇంటర్వ్యూకి అది కావాలి కాబట్టి. మీరు అక్కడ రోజూ ఏం చేయాలో రాసి ఉండేది మాత్రం డీఎస్-7002లో. దీన్ని ట్రైనింగ్ ప్లాన్ అంటారు. పనిగంటలు, జీతం, ఒక్కో ఫేజ్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా, సూపర్‌వైజర్ ఎవరు, ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు, నేర్చుకున్నారో లేదో ఎలా కొలుస్తారు అన్నవన్నీ అందులో విడివిడి గడుల్లో ఉంటాయి. మీరు, సూపర్‌వైజర్, స్పాన్సర్ (మీ జే-1 ప్రోగ్రామ్ నడిపే సంస్థ) ముగ్గురూ సంతకం పెట్టాలి. మోసం మొదలయ్యేదీ ఇక్కడే. సంతకాల పేజీ ఒక్కటే వాట్సాప్‌లో పంపి, ప్రింట్ తీసి సంతకం పెట్టి స్కాన్ చేయమంటారు. మిగతా పేజీలు 'స్పాన్సర్ దగ్గర ఉన్నాయి' అంటారు. అన్ని పేజీలూ చేతికి రాకుండా సంతకం పెట్టొద్దు.

ఫారం వచ్చాక ముందు ఫేజ్‌లు చూడండి. హాస్పిటాలిటీ, టూరిజం రంగంలో ఆరు నెలలు, అంతకు మించిన ప్రోగ్రామ్ అయితే కనీసం మూడు డిపార్ట్‌మెంట్లలో లేదా మూడు రకాల పనుల్లో రొటేషన్ ఉండాలని రూలు. దీన్ని దాటేయడానికి వాడే ఎత్తు ఏమిటంటే, ఫేజ్ 1 బ్రేక్‌ఫాస్ట్ ఆపరేషన్స్, ఫేజ్ 2 లంచ్ ఆపరేషన్స్, ఫేజ్ 3 డిన్నర్ ఆపరేషన్స్ అని రాయడం. లేదా ఒకే క్యాంపస్‌లోని మూడు డైనింగ్ హాళ్ల పేర్లు పెట్టడం. గంటలు మారాయి, గోడలు మారాయి, పని అదే. ఇంకో ఎత్తు, ప్రోగ్రామ్‌ని ఆరు నెలలకు వారం పది రోజులు తక్కువగా పెట్టడం. అలా పెడితే మూడు రొటేషన్ల రూలు వర్తించదు. ఐదున్నర నెలల ఆఫర్ అంతా మోసమని కాదు గానీ, సరిగ్గా అంతే ఎందుకు అని అడగాల్సిందే.

తర్వాత పదాలు. 'శానిటేషన్ అండ్ స్టీవార్డింగ్ ఆపరేషన్స్' అని మూడు నాలుగు నెలల ఫేజ్ కనబడితే అది అంట్లు తోమడమే. కిచెన్ స్టీవార్డింగ్ చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పెద్ద డైనింగ్ హాల్లో బెల్టు మీద ట్రేలు వస్తుంటాయి, ఒకరు ఎంగిలి తీస్తారు, ఒకరు ర్యాకుల్లోనో బెల్టు పళ్ల మధ్యనో ప్లేట్లు పేరుస్తారు, అటు చివర ఒకరు వేడి ప్లేట్లు అందుకుంటారు. వేడినీళ్ల మిషన్‌లో నేర్చుకోవాల్సినవి ఉన్నాయి. ఫైనల్ రిన్స్ 180 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి, ప్లేట్ ఉపరితలం 160కి చేరాలి. గేజ్‌ని గుడ్డిగా నమ్మకుండా వేడికి రంగు మారే టెస్ట్ స్ట్రిప్ ప్లేటుకి అంటించి లోపలికి పంపాలి. రిన్స్ నాజిళ్లు పూడుకుపోతే గేజ్ సరిగ్గానే చూపిస్తుంది, ప్లేటుకి మాత్రం వేడి అందదు. ఇదంతా ఒక వారం పాఠం. స్ట్రిప్ రంగు మారిందా లేదా చూడటానికి నాలుగు నెలలు అక్కర్లేదు. అసలు నైపుణ్యం అవసరం లేని కూలిపనిలో జే-1 ఇంటర్న్‌ని పెట్టడమే నిబంధనలకు విరుద్ధం. క్లరికల్ పని కూడా 20 శాతం మించకూడదు.

నిజమైన ప్లాన్ ఎలా ఉంటుందో తెలిస్తే దొంగది వెంటనే కళ్లకు కడుతుంది. 'ఫుడ్ ప్రొడక్షన్ నేర్చుకుంటారు' అన్న వాక్యానికి విలువ లేదు. '50 పోర్షన్ల రెసిపీని 600కి స్కేల్ చేయడం, ప్రొడక్షన్ షీట్ రాయడం, వారానికోసారి ఒక స్టేషన్‌కి ఫోర్‌కాస్ట్ వేసి, నిజంగా వెళ్లిన పోర్షన్లతో తేడా లెక్కగట్టి షెఫ్‌కి చూపించడం' అని రాసి ఉంటే అది రాసినవాడికి కిచెన్ తెలుసు. రిసీవింగ్ ఫేజ్‌లో ట్రక్కు దగ్గరే చల్లటి సరుకు 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉందో లేదో చూసి తిప్పి పంపే అధికారం ఎవరిదో ఉండాలి. అలర్జెన్ (అలర్జీ కలిగించే పదార్థాల) ఫేజ్ ఉంటే తొమ్మిది ప్రధాన అలర్జెన్ల ప్రస్తావన ఉండాలి. నువ్వులు 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోదిగా చేరాయి. ఎనిమిదే రాసి ఉందంటే ఎక్కడిదో పాత ప్లాన్‌ని కాపీ కొట్టి తేదీలు మార్చారన్నమాట.

సూపర్‌వైజర్‌తో వీడియో కాల్ అడగండి, అందులో ఒక ప్రశ్న వేయండి: కూలింగ్ లాగ్ (వండినది ఎంతసేపట్లో చల్లారిందో రాసే పట్టిక) ఎవరు రాస్తారు, నేను రాస్తానా? అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం వండిన పదార్థాన్ని 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 70కి రెండు గంటల్లో, 70 నుంచి 41కి మరో నాలుగు గంటల్లో దించాలి. మొదటి రెండు గంటలే కీలకం, బాక్టీరియా వేగంగా పెరిగేది ఆ మధ్యలోనే. లోతు గిన్నెలో అలాగే వాక్-ఇన్ కూలర్‌లో పెట్టేసిన సూప్ నడిమధ్యన గంటల తరబడి వేడిగానే ఉంటుంది. అందుకే రెండంగుళాల లోతు ప్యాన్లలోకి సర్దుతారు, గడ్డకట్టిన నీళ్లున్న ఐస్ ప్యాడిల్‌తో కలుపుతారు. ఇంటర్న్‌ని నేర్చుకునేవాడిగా చూసే కిచెన్ అయితే ఈ లాగ్ మొదటి నెలలోనే చేతికిస్తుంది. 'అవన్నీ మీకెందుకు, టైముకి వస్తే చాలు' అన్న జవాబొస్తే మీకు కావాల్సిన జవాబు వచ్చినట్టే.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటుంది, అకడమిక్ క్యాలెండర్. హోటల్ ఏడాదంతా నడుస్తుంది, యూనివర్సిటీ డైనింగ్ అలా నడవదు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులు, డిసెంబర్ నడిమి నుంచి జనవరిలోకి సాగే వింటర్ బ్రేక్, మార్చి ప్రాంతంలో స్ప్రింగ్ బ్రేక్, వేసవి. హాళ్లు మూతపడితే షిఫ్టులు ఉండవు. ఇంటర్న్‌కి వారానికి కనీసం 32 గంటలు ఉండాలని రూలు. అయినా బ్రేక్‌లో గంటలు పడిపోతాయి, జీతం ఆగుతుంది, అద్దె మాత్రం ఆగదు. 'ఫ్రీ రూము' డార్మ్‌లో అయితే మరీ ఇబ్బంది, చాలా డార్మ్‌లు వింటర్ బ్రేక్‌లో ఖాళీ చేయిస్తారు. 'ఫ్రీ భోజనం' కూడా చాలాసార్లు పనిచేసే రోజుల్లో షిఫ్ట్ మీల్ మాత్రమే. కాబట్టి బ్రేక్ వారాల్లో ఎన్ని గంటలు, ఎక్కడ పని, ఎక్కడ పడక, భోజనానికి జీతంలో ఎంత కోత అనేవి మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాట నీటి మీద రాత.

ఇక డబ్బు. డీఎస్-2019 ఇచ్చేది అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపున్న స్పాన్సర్ మాత్రమే, కన్సల్టెన్సీ కాదు. స్పాన్సర్ల జాబితా ఆ శాఖ జే-1 వెబ్‌సైట్‌లో ఉంది. పేరుందా, ఇంటర్న్ కేటగిరీ ఉందా చూసుకోండి. ఇంటర్న్‌లను వెతకడానికి, ప్లేస్ చేయడానికి స్పాన్సర్లు స్టాఫింగ్ ఏజెన్సీలను వాడకూడదని నిబంధన ఉంది. మీ ఇంగ్లిష్‌ని స్పాన్సర్ గుర్తింపున్న పరీక్షతోనో, కాలేజీ లెటర్‌తోనో, తనే వీడియోలోనో నేరుగానో ఇంటర్వ్యూ చేసో చూసుకోవాలి. స్పాన్సర్ తరఫున మనిషి ముఖం కూడా చూడకుండా 'ఇంటర్వ్యూ అయిపోయింది' అంటే ఎవరో మీ పేరుతో కూర్చున్నారేమో అనుమానించండి. జే-1 సెవిస్ (విదేశీ విద్యార్థులు, ఎక్స్ఛేంజ్ విజిటర్ల రికార్డుల వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. రెండూ మీరే ఆన్‌లైన్‌లో కట్టి రసీదు మీ పేరుతో ఉంచుకోండి. 'ప్రభుత్వ ఫీజులు' అని ఒకే గంపగుత్త మొత్తం అడిగితే విడగొట్టి చూపమనండి. 'ఫుడ్ సేఫ్టీ సర్టిఫికేషన్ కలిపి' అన్నదానికీ మురిసిపోకండి. ఒక పూటలో అయిపోయే ఫుడ్ హ్యాండ్లర్ కోర్సా, ప్రాక్టర్ అనే పర్యవేక్షకుడి ముందు పరీక్ష రాసే మేనేజర్ సర్టిఫికెట్టా అని అడగండి, రెంటికీ చాలా తేడా.

డిగ్రీ పూర్తయి ఏడాది దాటినవాళ్లకు ఇంటర్న్ కేటగిరీ కుదరదు. ట్రైనీ కింద వెళ్లాలి, దానికి డిగ్రీతోపాటు అమెరికా బయట అదే రంగంలో ఏడాది అనుభవం కావాలి. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ బేరం వచ్చేది ఇక్కడే. వీసా కోసం తప్పుడు కాగితం పెట్టినట్టు తేలితే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు, కన్సల్టెన్సీకి పోయేదేమీ లేదు.

ఇప్పటికే అక్కడ ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. క్యాంపస్ డైనింగ్‌లో పనికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు, యూనివర్సిటీ జాబ్ పోర్టల్‌లో అప్లై చేస్తే చాలు. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటల హద్దు, దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టినా హద్దు మారదు.

వెళ్లి ఇరుక్కున్నవాళ్లు కోపంతో పని వదిలి బయటికి నడవొద్దు. స్పాన్సర్‌కి చెప్పకుండా వెళ్లిపోతే సెవిస్ రికార్డు టర్మినేట్ అవుతుంది, తప్పు మీ మీదకే వస్తుంది. రెండు వారాలపాటు రోజూ ఏ స్టేషన్‌లో ఎన్ని గంటలు పెట్టారో రాయండి, షెడ్యూల్ స్క్రీన్‌షాట్లు తీయండి, పక్కన డీఎస్-7002లో ఆ వారానికి ఏం రాశారో పెట్టి స్పాన్సర్‌కి మెయిల్ చేయండి. హోస్ట్ (పనిచేసే చోటు) మార్పు స్పాన్సర్ ఒప్పుకుంటేనే కుదురుతుంది. ఆరు నెలలు మించిన ప్రోగ్రామ్‌కి మధ్యలో ఒక ఎవాల్యుయేషన్, చివర ఒకటి తప్పనిసరి. మధ్యలోదానిపై మొహమాటానికి 'అంతా బాగుంది' అని సంతకం పెడితే ఆ తర్వాత ఫిర్యాదుకి బలం ఉండదు. పాస్‌పోర్ట్ 'భద్రంగా ఉంచుతాం' అని ఎవరడిగినా ఇవ్వొద్దు.

పే స్టబ్‌లో (జీతం చీటీలో) ఇంకో రంధ్రం ఉంటుంది. పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్‌గా ఉన్న జే-1 వాళ్ల జీతంలో సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోయకూడదు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో మిమ్మల్ని మామూలు ఉద్యోగిగా ఎక్కించేస్తే ఆ కోత దానంతటదే పడుతుంది. గంటకి 15 డాలర్లు, వారానికి 32 గంటలు అనుకుంటే 480లో 36.72 పోతుంది. 50 వారాలకు 1,836 డాలర్లు. మొదటి స్టబ్‌లోనే ఓఏఎస్‌డీఐ (అంటే సోషల్ సెక్యూరిటీ), మెడికేర్ అన్న వరసలు చూడండి, ఉంటే పేరోల్ ఆఫీసుకి రాసి వెనక్కి అడగండి. వాళ్లు తిరిగి ఇవ్వబోమంటే ఆ జవాబు దాచుకుని, ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) ఫారం 843, దానికి జతగా 8316 పంపాలి. డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోతల పత్రం), వీసా, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), డీఎస్-2019 కాపీలు కూడా వాటితోనే పెట్టండి.