మాజీ సైనికుడి చిన్న పరిశ్రమకు ఉద్యమ్ సర్టిఫికెట్ ఎంతవరకు పనికొచ్చింది

సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1న మొదలైంది. అంతకుముందున్న ఉద్యోగ్ ఆధార్ నుంచి మా యూనిట్‌ను ఆ ఏడాదే దీనిలోకి మార్చుకున్నాను. అప్పటినుంచి టెండర్లలోనూ, బ్యాంకులోనూ, బకాయిల వసూలులోనూ ఈ సర్టిఫికెట్‌ను వాడుతూనే ఉన్నాను. సైన్యం నుంచి తిరిగివచ్చి సొంతంగా పరిశ్రమ పెట్టుకున్నవారికీ, అంగవైకల్యం ఉండి కూడా ఒకరి దగ్గర చేయిచాచకుండా పదిమందికి పని చూపించాలనుకునేవారికీ ఇది ఎక్కడ అండగా నిలుస్తుందో, ఎక్కడ నిలవదో తెలియడం అవసరమన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

మాది నెల్లూరుకు దగ్గర్లో ఇందుకూరుపేట మండలంలోని ఒక పల్లె. సర్వీసులో ఉండగా నా కుడికాలు మోకాలి కింద పోయింది. ఇంటికి వచ్చాక ఫ్యాక్టరీలలో, గోదాములలో వాడే గ్లౌజులు కుట్టించే యూనిట్ పెట్టాను. తరువాత రిఫ్లెక్టివ్ జాకెట్లు కూడా మొదలుపెట్టాము. కృష్ణపట్నం వైపు ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు ఉండడంతో ఈ సరుకుకు గిరాకీ ఉంటుందని తెలిసే ఈ పనిలోకి దిగాను. పెట్టుబడికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద అప్పు తీసుకున్నాను. ఆ పథకంలో మాజీ సైనికులూ, దివ్యాంగులూ ఇద్దరూ ప్రత్యేక వర్గం కిందికే వస్తారు. మామూలు దరఖాస్తుదారు ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం సొంతంగా పెట్టుకోవాలి, మేము 5 శాతం పెడితే చాలు. గ్రామీణ ప్రాంతంలో వారికి 25 శాతం సబ్సిడీ అయితే మాకు 35 శాతం. నా ప్రాజెక్టు 18 లక్షలది కాబట్టి చేతి డబ్బు 90 వేలు, సబ్సిడీ 6 లక్షల 30 వేలు. ఆ సబ్సిడీ వెంటనే చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక అప్పులో జమ అవుతుంది. అయినా అది చిన్న మేలు కాదు. అప్పు ఇచ్చే దగ్గర ప్రభుత్వం నన్ను మాజీ సైనికుడిగానూ గుర్తించింది, దివ్యాంగుడిగానూ గుర్తించింది.

కొనే దగ్గరకు వచ్చేసరికి ఆ గుర్తింపు కనిపించదు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. దీన్ని వివరించాలంటే ముందుగా ఉద్యమ్ వల్ల నాకు దక్కిన మేలు చెప్పాలి, ఎందుకంటే ఆ మేలు నిజమైనది.

రిజిస్ట్రేషన్‌కు ఖర్చు లేదు. ఆధార్, పాన్ ఉంటే చాలు, కాగితాలేవీ అప్‌లోడ్ చేయనక్కరలేదు. మెట్లెక్కి ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేకుండా ఇంట్లో కూర్చుని ఓటీపీతో ముగించుకునే వీలుండడం నాలాంటివాడికి ఎంత సుఖమో వేరే చెప్పనక్కరలేదు. డబ్బులు తీసుకుని రిజిస్ట్రేషన్ చేసిపెడతామంటూ ప్రభుత్వ వెబ్‌సైట్‌ను పోలిన పేర్లతో కొందరు ప్రైవేటువాళ్లు వల వేస్తుంటారు, వారి జోలికి వెళ్లవద్దు.

సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం 2012లో వచ్చింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఏటా కొనే సరుకులో, సేవలలో మొదట 20 శాతం, 2018 నవంబరు తరువాత 25 శాతం మన నుంచే తీసుకోవాలి. టెండరు ఫారానికి రుసుము కట్టనక్కరలేదు, టెండరుతోపాటు ముందుగా పెట్టే ధరావతు కట్టనక్కరలేదు. చిన్న యూనిట్‌కు ఈ ధరావతు మినహాయింపే పెద్ద ఊరట. ఒకేసారి నాలుగు టెండర్లు వేస్తే నాలుగుచోట్ల డబ్బు ఇరుక్కుపోయి, నూలు కొనడానికి చేతిలో పైసా ఉండని పరిస్థితి దీనితో తప్పింది. అయితే టెండరు దక్కిన తరువాత కట్టాల్సిన పర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి ఈ మినహాయింపు వర్తించదు. ఆ డబ్బు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

ఈ విధానంలో 358 రకాల సరుకులను సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలని ప్రత్యేకించారు. అన్ని రకాల చేతి గ్లౌజులూ ఆ జాబితాలో ఉన్నాయి. నేను గ్లౌజులను ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణమే, కొత్తగా యూనిట్ పెట్టేవారు ముందుగా ఆ జాబితాను చదవాలని గట్టిగా చెబుతాను. జాకెట్ల విషయంలో మరో నిబంధన ఉపయోగపడింది. 2,000 జాకెట్ల టెండరులో చిన్న పరిశ్రమ కాని ఒక సంస్థ 160 రూపాయలతో ఎల్-1గా, అంటే అన్నిటికన్నా తక్కువ ధర వేసినదిగా, నిలిచింది. మేము వేసిన ధర 178. ఎల్-1 ధరకు 15 శాతం లోపల ఉన్న చిన్న పరిశ్రమ ఆ ధరకు దిగిరావడానికి ఒప్పుకుంటే, ఆ సరుకును విడదీసి కొనే వీలున్నప్పుడు ఆర్డరులో 25 శాతం దానికి ఇవ్వాలి. 160కి ఒప్పుకుని 500 జాకెట్లు పంపాము. లాభం మిగలలేదు గాని, ఆ సరఫరా అనుభవ పత్రం తరువాతి టెండర్లలో మమ్మల్ని నిలబెట్టింది.

ఇవన్నీ సొంతంగా తయారుచేసేవారికి, సేవలందించేవారికి మాత్రమే. 2021 జులై నుంచి వర్తకులకు కూడా ఉద్యమ్ నంబరు ఇస్తున్నారు కాని, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. కొని అమ్మే వ్యాపారం చేస్తూ ఈ మినహాయింపులు ఆశిస్తే టెండరు తిరస్కరిస్తారు. అలాగే ఈ విధానం కేంద్ర సంస్థలను కట్టడి చేస్తుంది గాని రాష్ట్ర సంస్థలను కాదు. జిల్లాలో ఏ కొనుగోలుదారు ఏ గాటన వస్తాడో చూసుకున్న తరువాతే ధర వేయాలి.

ఇప్పుడు లోటు సంగతి. ఆ 25 శాతంలోనే ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని పరిశ్రమలకు 4 శాతం, మహిళలవాటికి 3 శాతం విడిగా లక్ష్యం పెట్టారు. అది న్యాయమైన పని, దాని ఫలితం మా చుట్టుపక్కల యూనిట్లలో కళ్లారా చూశాను. దివ్యాంగులకు అలాంటి లక్ష్యం లేదు, మాజీ సైనికులకూ లేదు. ఉద్యమ్ దరఖాస్తులో మీరు దివ్యాంగులా అని ఒక ప్రశ్న ఉంటుంది, అవునని గుర్తు పెడతాము. ఏ టెండరులోనూ ఆ గుర్తును చూసి ఎవరూ ఏమీ అడగలేదు, దానివల్ల ఒక్క రూపాయి సరుకు అదనంగా పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు మనం స్వయంగా చెప్పుకున్నది తప్ప ఎవరూ పరిశీలించినది కాదు. పరిశీలన లేని గుర్తుకు కొనేవాడు విలువ ఇవ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వ్యాపారం పెట్టుకోవడానికి రాయితీ ధరపై ఇచ్చే స్థలాల్లో 5 శాతం కేటాయించమంది. స్థలం విషయంలో ఆలోచించినవారు సరుకు విషయంలోనూ ఆలోచించి ఉంటే ఎంతో బాగుండేది.

మా మేనల్లుడు అమెరికాలో ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తాడు. అక్కడి పద్ధతి అతని ద్వారా తెలుసుకున్నాక నాకు ఈ లోటు మరింత స్పష్టమైంది. సర్వీసువల్ల వైకల్యం పొందిన మాజీ సైనికుల సంస్థలకు ఫెడరల్ కాంట్రాక్టులలో 3 శాతం లక్ష్యాన్ని 1999లోనే చట్టం చేశారు, 2023 చివర్లో చేసిన చట్టంతో అది 5 శాతమైంది. 2023 జనవరి 1 నుంచి ఆ ధ్రువీకరణను స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ చూస్తోంది. ప్రైవేటు కంపెనీల కోసం డిజెబిలిటీ ఇన్ అనే లాభాపేక్ష లేని సంస్థ విడిగా సర్టిఫికెట్ ఇస్తుంది. యాజమాన్యంలో కనీసం 51 శాతం దివ్యాంగులదై ఉండడం ఒక్కటే చాలదు, నిర్వహణ, నిర్ణయాధికారం కూడా వారి చేతిలోనే ఉన్నాయని రుజువు చేయాలి. వైకల్యమున్న మాజీ సైనికులకు అందులోనే ప్రత్యేక విభాగాలున్నాయి.

మనం అక్కడినుంచి తెచ్చుకోవాల్సింది ఆ నియంత్రణ పరీక్షను. పేరు మాత్రం దివ్యాంగుడిది, పెత్తనమంతా వెనకనున్నవాడిది అనే బినామీ బాగోతం మన దగ్గర కొత్త కాదు. ఏ కోటా పెట్టినా ముందు ఆ తలుపు మూయాలి. చెక్కుపై సంతకం ఎవరిది, ధర ఎవరు నిర్ణయిస్తారు, యూనిట్‌కు వచ్చి చూస్తే యజమానికి తన సరుకు గురించి తెలుసా, ఇవి పరిశీలించి ఇచ్చిన సర్టిఫికెట్ అయితేనే కొనుగోలుదారుకు నమ్మకం, అసలైన యజమానికి గౌరవం. నన్ను అలా పరిశీలించడానికి వస్తే సంతోషంగా లెక్కల పుస్తకాలు ముందు పెడతాను.

ఈ లోటు ప్రైవేటు కొనుగోలుదారుల దగ్గర కూడా తగులుతుంది. శ్రీసిటీ వైపున్న ఒక విదేశీ సంస్థ వెండర్ ఫారంలో మాజీ సైనికుల సంస్థా, దివ్యాంగుల సంస్థా అని అడిగి, పక్కన సర్టిఫికెట్ నంబరు రాయమన్నారు. నేను ఉద్యమ్ పూర్తి ప్రతి, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), డిశ్చార్జి బుక్కు, యాజమాన్యంపై చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన పత్రం కలిపి పంపాను. వారు మర్యాదగానే చూశారు, కాని వారి పద్ధతిలో ఈ నాలుగు కాగితాలూ కలిసి ఒక సర్టిఫికెట్ కావు. ఆ గడి ఖాళీగానే మిగిలింది. ఆర్డరు మాత్రం వచ్చింది, అది సరుకు నాణ్యత మీద వచ్చింది. చూడడానికి వచ్చినాయన కట్టలోంచి ఒక జత గ్లౌజులు తీసి, లోపలివైపు బయటికి తిరగేసి, బొటనవేలు అరచేతిని కలిసేచోట కుట్టును రెండు చేతులా పట్టుకుని లాగి చూశారు. గ్లౌజు ముందుగా చిరిగేది అక్కడే. మా యూనిట్‌లో ఆ చోట రెండో కుట్టు వేసే అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. ఓవర్‌లాక్ మిషన్ మీద వేలు ఆనించి ఆ అదురును బట్టే దారం బిగువు పసిగడుతుంది. ఇలాంటి యూనిట్లకు సరుకు అమ్ముకునే దారి చూపిస్తే ఎందరి ఇళ్లలో పొయ్యి వెలుగుతుందో విధానాలు రాసేవారు ఆలోచించాలని నా మనవి.

ఉద్యమ్ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆదుకున్నది బకాయిల విషయంలో. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులు మించకుండా, లేకపోతే 15 రోజులలో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఒక కొనుగోలుదారు సంవత్సరం దగ్గరపడుతున్నా బిల్లు తేల్చకపోతే, చిన్న పరిశ్రమల బకాయిల ఫిర్యాదులు తీసుకునే సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. నోటీసు వెళ్లగానే అసలు వచ్చింది. వడ్డీ మాత్రం ఆ ఫిర్యాదులను తేల్చే కౌన్సిల్ ముందు రాజీలో కొంతవరకే వచ్చింది. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదన్న భయం అందరికీ ఉంటుంది, ఆ భయం ఉత్తిది కాదు, ఆ కొనుగోలుదారు తిరిగి మమ్మల్ని పిలవలేదు. అయినా ఆగిపోయిన డబ్బుతో కుంగిపోవడం కన్నా ఒక గిరాకీ వదులుకోవడమే నయమని నా అభిప్రాయం. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. ఈ ఒక్క నిబంధన వల్లే చాలామంది బేరానికి వస్తారు.

2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో వచ్చిన మార్పు కూడా ఉపకరించింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు, చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. అప్పటినుంచి మార్చి నెల వచ్చిందంటే కంపెనీల అకౌంట్స్ విభాగాలవారే ఫోను చేసి ఉద్యమ్ కాపీ అడుగుతున్నారు. ఈ తలనొప్పి ఎందుకని పెద్ద యూనిట్లవైపు మొగ్గినవారు కూడా ఒకరిద్దరు ఉన్నారు.

కింది స్థాయిలో అవగాహన ఇంకా చాలదు. ఒక కేంద్ర సంస్థ స్టోర్స్ విభాగంలో ఉద్యమ్ చెల్లదు, ఎన్‌ఎస్‌ఐసీ (జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ) రిజిస్ట్రేషన్ తెమ్మని మా టెండరును పక్కన పెట్టారు. విధాన ప్రతిని జతచేసి రాతపూర్వకంగా అడిగాక ఒప్పుకున్నారు. నోటిమాటగా వాదించే బదులు, ఆ ప్రతిని ప్రతి టెండరుతోపాటు ముందే పెట్టడం మేలు.

దివ్యాంగులైన మాజీ సైనికులు మరో సంగతి గమనించాలి. సైనిక వైద్య మండలి ఇచ్చిన వైకల్య శాతం పింఛను కోసం. ఇక్కడి పథకాలకు సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని యూడీఐడీ కార్డు తీసుకోవాలి, చట్టపరమైన లబ్ధికి సాధారణంగా 40 శాతం ఉండాలి. రెండు కాగితాల్లో శాతాలు ఒకటిగా ఉండకపోవచ్చు, అందుకు కంగారు పడనక్కరలేదు, దేని పని దానిదే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుడి గుర్తింపు కార్డు కూడా తీసి ఉంచుకోవాలి.

సరుకు పంపకముందే ఉద్యమ్ నంబరు చేతిలో ఉండాలి. తరువాత చేయించుకున్న రిజిస్ట్రేషన్ పాత బిల్లులకు వర్తించదని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ పరిశ్రమ పరిమితి పెట్టుబడిలో రెండున్నర కోట్లకు, టర్నోవర్‌లో 10 కోట్లకు పెరిగింది కాబట్టి పాత వర్గీకరణ ఉన్నవారు తమ సర్టిఫికెట్‌ను మరోసారి చూసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌లో మీరు తయారుచేసే సరుకుకు సరిపోయే నిక్ కోడ్ (ఏ రకం పరిశ్రమో తెలిపే ప్రభుత్వ సంఖ్య) ఉందో లేదో కూడా అప్పుడే చూడండి, టెండరు తెరిచినవారు మొదట వెతికేది దాన్నే.