విల్లెమ్‌స్టాడ్: టూర్ కొనకుండా నడిచి చూడాల్సిన రేవు

కరీబియన్ క్రూజ్‌లో చాలా రేవుల్లో ఓడ దిగగానే ఒకటే వరస: నగల కొట్లు, టీషర్టులు, టాక్సీవాళ్ల కేకలు. అసలు ఊరు చూడాలంటే మళ్లీ ఏదో ఒక బండెక్కాలి. కురసావ్ ద్వీపంలోని విల్లెమ్‌స్టాడ్ అలా కాదు. రేవు పక్కనే ఊరుంది, చూడాల్సింది కూడా ఆ ఊరే. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దక్షిణ కరీబియన్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఈ ఒక్క రేవులో ఓడలో అమ్మే బస్సు టూర్ కొనకండి. మాతో వచ్చిన ఒక కుటుంబం కొనుక్కుంది. వాళ్లు ఊరంతా కిటికీలోంచే చూశారు, మేం కాళ్లరిగేలా తిరిగాం. సాయంత్రం ఫోటోలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోయింది.

పెద్ద ఓడలు మెగా పియర్ దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి రిఫ్ కోట మీదుగా నడిస్తే పావుగంటలో ఊరి పడమటి భాగమైన ఓట్రోబండా ఒడ్డుకు చేరతారు. కోట లోపల ఇప్పుడు షాపులు, రెస్టారెంట్లు ఉన్నాయి. ఫోటో తీసుకుని ముందుకు పోవచ్చు. దారి చదునుగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు మెల్లగా నడిచేశారు. నీడ మాత్రం తక్కువ. ఇది వాన తక్కువ, బ్రహ్మజెముడు ఎక్కువ ఉన్న దీవి. గాలి వీస్తూనే ఉంటుంది కాబట్టి ఎండ మాడుస్తున్న సంగతి వెంటనే తెలియదు. టోపీ, నీళ్ల సీసా తీసుకెళ్లండి. కుళాయి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే, నిశ్చింతగా తాగొచ్చు.

ఓట్రోబండాకీ, ఊరి అవతలి భాగమైన పుండాకీ మధ్య సన్నటి సముద్రపు పాయ ఉంది. దాని మీద 1888లో కట్టిన క్వీన్ ఎమ్మా వంతెన పంటుల మీద తేలుతూ ఉంటుంది. ఒక కొస ఒడ్డుకు బిగించి ఉంటుంది, రెండో కొస దగ్గరున్న ఇంజను ఓడ వచ్చినప్పుడల్లా వంతెన మొత్తాన్ని పక్కకు తీసుకుపోతుంది. గంట మోగగానే గేట్లు మూసేస్తారు. అప్పటికే మీరు మధ్యలో ఉంటే అక్కడే నిలబడి వంతెనతో పాటు ప్రయాణం చేయొచ్చు. మా పిల్లలకు ఓడలోని నీళ్ల జారుడుబండల కన్నా ఇదే నచ్చింది. నారింజ జెండా ఎగరేస్తే వంతెన కాసేపట్లోనే తిరిగి కలుస్తుంది, నీలం జెండా అయితే ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు ఉచిత ఫెర్రీ ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు. వెనకటికి ఈ వంతెన దాటడానికి సుంకం ఉండేది. చెప్పులున్నవాళ్లు కట్టాలి, వట్టికాళ్లవాళ్లకు ఉచితం. దాంతో డబ్బున్నవాళ్లు చెప్పులు విప్పేసి, పేదవాళ్లు పరువు కోసం అరువు చెప్పులు వేసుకుని దాటేవాళ్లని కథ చెబుతారు.

అవతలి ఒడ్డున హాండెల్స్‌కాడే. పసుపు, నీలం, గులాబీ రంగుల డచ్ ఇళ్ల వరస. తెల్ల గోడల మీద పడే ఎండకు తలనొప్పి వస్తోందని 1817లో ఒక గవర్నరు అన్నిటికీ రంగులు వేయించాడట. ఆయనకు రంగుల వ్యాపారంలో వాటా ఉండేదని ఊళ్లో గుసగుస. పక్కనే ఆమ్‌స్టర్‌డామ్ కోటలోని చర్చి గోడలో 1804 నాటి ఫిరంగి గుండు ఇప్పటికీ ఇరుక్కుని ఉంది.

టికెట్ కొని చూసినవాటిలో డబ్బుకు న్యాయం చేసింది యూదుల ప్రార్థనాలయం. 1732 నాటి భవనం. లోపల నేలంతా ఇసుక. స్పెయిన్, పోర్చుగల్‌లలో దొంగచాటుగా ప్రార్థన చేసుకునే రోజుల్లో అడుగుల చప్పుడు వినపడకుండా ఇసుక పోసేవాళ్లని, ఆ గుర్తుగా ఇక్కడా పోశారని ఒక వివరణ. శనివారం సందర్శకులను రానివ్వరు, మీ ఓడ ఏ రోజు ఆగుతుందో ముందే చూసుకోండి.

షాపింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పుండాలో సింధీల దుకాణాలున్నాయి, హిందీలో బేరమాడుకోవచ్చు. డాలర్లు తీసుకుంటారు, చిల్లర మాత్రం స్థానిక గిల్డర్లలో ఇస్తారు.

భోజనానికి పాత మార్కెట్ హాలు ప్లాసా బియూ మంచిది. ఎదురుగా పెద్ద గిన్నెల్లో వండుతుంటారు, బల్లల దగ్గర అపరిచితులతో కలిసి కూర్చోవాలి. మేక మాంసం పులుసులోకి ఫుంచి పెడతారు. మొక్కజొన్న పిండితో గట్టిగా ఉడికించిన మన సంకటి అనుకోండి. శాకాహారులకు అరటిపండు వేపుడు, బీన్స్ అన్నం దొరుకుతాయి. బీన్స్‌లో మాంసం వేశారేమో అడిగి తీసుకోండి. మధ్యాహ్నం దాటితే చాలా వంటకాలు అయిపోతాయి.

బీచ్ కూడా కావాలంటే టాక్సీ తప్పదు. ఎక్కకముందే మొత్తం ఎంతో, మనిషికా బండికా తేల్చుకోండి. దగ్గరలో ఉన్నది మాంబో బీచ్. కుర్చీలు, స్నానాల గదులు, సందడి అన్నీ ఉంటాయి, పిల్లలతో వెళ్తే అదే సుఖం. పడమటి కొసనున్న గ్రోటే క్నిప్ అందం వేరు. ఆ నీటి నీలం చూశాక మాంబో ఆనదు. కాకపోతే వెళ్లడానికే ముప్పావుగంట పైన పడుతుంది. మీ ఓడ రాత్రి దాకా ఆగేదైతేనే అటు వెళ్లండి. సాయంత్రానికే బయలుదేరేదైతే పుండా, మాంబో చాలు.