ఫ్రాంక్ విల్సన్ సింగిల్, 1979 ముద్రణ: పదకొండేళ్లు అరగదీశాక

ముందే చెప్పేస్తున్నా, ఫ్రాంక్ విల్సన్ పాడిన ‘డు ఐ లవ్ యూ’ పాట అసలు రికార్డు లక్ష పౌండ్లు పలికింది గానీ, నా దగ్గరున్నది ఆ కాపీ కాదు. 1979లో ఇంగ్లండ్‌లో టామ్లా మోటౌన్ అనే రికార్డు కంపెనీ వాళ్లు మళ్లీ వేసిన ఏడంగుళాల రికార్డు, నంబరు టీఎంజీ 1170. బోల్టన్‌లో పాత సామాన్ల కొట్లో దొరికింది. 1960ల నాటి అరుదైన అమెరికన్ సోల్ పాటలు వెతికి తెచ్చి, ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల్లో రాత్రంతా డ్యాన్స్ చేసేవాళ్లు, దాన్నే నార్తర్న్ సోల్ అంటారు. అదేమిటో అప్పటికి నాకు తెలియదు. చిన్నప్పుడు మా ఇంట్లో పాత తెలుగు సినిమా పాటల ఈపీలుండేవి. అదే సైజు, అదే 45 స్పీడు. ఆ మమకారంతో కొన్నానంతే.

నేను హాస్పిటల్లో నైట్ డ్యూటీ నర్సుని. పొద్దున ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, దీన్ని వేసేదాన్ని. ఒకరోజు పక్కింటావిడ తలుపు కొట్టింది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, గొడవకే వచ్చిందనుకున్నా. ఆవిడ అడిగింది ఒకటే: ఈ పాట నీకెలా తెలుసు? పదిహేడేళ్ల వయసులో విగన్ ఊళ్లో క్యాసినో అనే డ్యాన్స్ క్లబ్బులో దీనికి డ్యాన్స్ చేసిందట. నా వంటింట్లోనే రెండు అడుగులు వేసి చూపించింది.

అసలు కథంతా ఆవిడ దగ్గరే విన్నాను, తర్వాత చదువుకున్నాను. ఫ్రాంక్ విల్సన్ అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీలో పాటలు రాసి, చేయించే మనిషి. 1965లో ‘డు ఐ లవ్ యూ (ఇండీడ్ ఐ డూ)’ తానే పాడాడు. విడుదలకు ముందు వేసే డెమో కాపీలు కొన్ని అచ్చయ్యాక విడుదల ఆగిపోయింది. గాయకుడిగా కన్నా నిర్మాతగా ఉండటమే మేలనుకున్నాడని చెబుతారు. కాపీలు దాదాపు అన్నీ పారేశారు. 1970ల చివర్లో మిగిలిన ఒక కాపీ ఇంగ్లండ్ చేరింది. విగన్‌లో డీజే దాన్ని ఎడ్డీ ఫోస్టర్ అనే దొంగ పేరుతో వేసేవాడు. పోటీ డీజేలు వెతికి పట్టుకోకుండా లేబుల్ దాచేసి పేరు మార్చడం అప్పట్లో మామూలే. మన వంటవాళ్లు మసాలా పాళ్లు చెప్పనట్టు! అసలు కాపీ 2009లో 25,742 పౌండ్లకి, 2020లో లక్ష పౌండ్లకి అమ్ముడుపోయింది.

విగన్ క్యాసినో 1973 నుంచి 1981 దాకా నడిచింది. మద్యం లేదు. శనివారం అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ముగిసేది. అంటే నా డ్యూటీ టైమే.

ఇక వాడకం సంగతి. వారానికి రెండు మూడుసార్ల చొప్పున పదకొండేళ్లు వేశాను. మొదట్లో చిటపట ఉంది, అది కొన్నప్పటి నుంచీ ఉన్నదే, పెరగలేదు. రెండేళ్లకోసారి ముల్లు మారుస్తున్నా. డ్రమ్ము దెబ్బ ఇప్పటికీ నేల మీద పడ్డట్టే వినిపిస్తుంది. గొంతు మాత్రం వాయిద్యాల కింద కాస్త నలిగినట్టుంటుంది. అది ముద్రణ లోపమో రికార్డింగే అంతో గానీ నాకిష్టమే. వాయిద్యాలను దాటి పైకి రావాలని ఆయన పడే తంటాలోనే పాట ప్రాణమంతా ఉంది.

దీని రుచి మరిగాక ఇంకా కొన్నాను, అందులో ఒకసారి మోసపోయాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ఒరిజినల్ అని పంపింది తీరా చూస్తే దొంగ ముద్రణ. 1970లలో ఇవి బోలెడు వచ్చాయి. లేబుల్ పక్కన ఖాళీగా ఉండే నున్నటి జాగాలో చెక్కిన నంబర్లు అసలుతో సరిపోలుతున్నాయా అని ఇప్పుడు ముందే ఫొటో అడుగుతున్నా. పాత అమెరికన్ సింగిల్స్‌లో ఇంకో తంటా ఉంది: చాలావాటిని వినైల్‌తో కాక పాలీస్టైరీన్‌తో చేశారు. అరిగిన ముల్లు పెడితే ముల్లు నడిచే గాడులు తొందరగా దెబ్బతిని, బుసబుసమంటాయి. వాటి మధ్య పెద్ద రంధ్రం, బిళ్ల పెట్టకపోతే ప్లేయర్ మీద కూర్చోదు.

లోపం ఒక్కటే, అది రికార్డుది కాదు. ఈ పాటలు పెట్టి డ్యాన్స్ చేసే సోల్ నైట్లు కొన్నిట్లో మొదటి ముద్రణ వినైల్ మాత్రమే వేయాలని పట్టుబడతారు, అక్కడ నాది చెల్లదు. ఇది నాకు అర్థంకాని మడి. దొరకని పాటను వెతికి తెచ్చినవాడి కష్టానికి గౌరవం ఇవ్వాల్సిందే, కాదనను. కానీ లక్ష పౌండ్ల రికార్డు మీద ముల్లు పెట్టడానికి ఎవడి చెయ్యి ఆడుతుంది? నాది మా అమ్మాయి కూడా వేస్తుంది, జామ్ చేతులతో. నా లెక్కలో అయిదుకి నాలుగున్నర.

అడుగు జారడానికి నేల మీద టాల్కం పౌడర్ చల్లడం నార్తర్న్ సోల్ డ్యాన్సర్ల అలవాటు. నేనూ వంటింట్లో చల్లాను, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న పాండ్స్. మా ఆయన టీ కప్పుతో సహా జారి పడబోయారు. ‘నీ డ్యాన్సు నువ్వు చెయ్యి గానీ నా నడుం విరగ్గొట్టకే తల్లీ’ అన్నారు. అప్పటి నుంచి పౌడర్ హాల్లోనే.

ఈ మధ్య రెండో వైపు ఎక్కువ వింటున్నా. ‘స్వీటర్ యాజ్ ద డేస్ గో బై’. నేను వెళ్లిన సోల్ నైట్లలో ఒక్కసారీ ఎవరూ వేయలేదు. పక్కింటావిడ కూడా ఇన్నేళ్లలో దాన్ని తిప్పి విననే లేదట. పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని విన్నాం. ఆవిడ లేచి డ్యాన్స్ చేయలేదు గానీ, మళ్లీ వెయ్యమంది.