తాతలను కూడా ఇంటర్వ్యూ చేసే రీసెర్చ్: ఐదుకి మూడున్నర

మా అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. వేరే దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, శరణార్థుల పిల్లలు టీనేజ్‌లో మానసికంగా ఎలా ఎదుగుతున్నారో అక్కడి ఒక యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు పరిశోధిస్తున్నారు. వాట్సాప్ గ్రూపులో ప్రకటన చూసి అమ్మాయి మా మనవణ్ణి చేర్చింది. పిల్లాడికో ఫారం, తల్లిదండ్రులకో ఫారం, స్వదేశంలో ఉన్న తాతా అమ్మమ్మలకు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. ఇప్పుడు శ్రీకాకుళంలో ఏ వీధిలో చూసినా డాలస్‌లోనో టొరంటోలోనో మనవలున్న ఇల్లు ఒకటుంది కాబట్టి ఇలాంటి పిలుపు మీకూ రావచ్చు. ఒప్పుకోవచ్చు. కానీ కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి.

అనుమతి పత్రం విషయంలో వాళ్ళకు పూర్తి మార్కులు. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా వదిలేయొచ్చని, మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చని తీరిగ్గా చదివి వినిపించారు. తల్లిదండ్రులు సంతకం పెడితే సరిపోదు, పిల్లాడు కూడా సరే అనాలి. మన దగ్గరా వైద్య పరిశోధనలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఏడేళ్ళు దాటిన పిల్లల ఒప్పుకోలు తీసుకోమంటాయి. నేను హైస్కూల్లో పనిచేసినంత కాలం పిల్లలతో ఫారాలు నింపించుకుని వెళ్ళినవాళ్ళే గాని, నీకిష్టమేనా అని పిల్లాణ్ణి అడిగినవాళ్ళు కనబడలేదు.

గొడవ తర్వాత వచ్చింది. మనవడు ఏం రాశాడో ఒకసారి చూపించమని అమ్మాయి అడిగితే కుదరదన్నారు. కన్నతల్లినండీ అంది. అయినా కుదరదన్నారు. పిల్లాడి ప్రాణానికి ముప్పు అనిపించే మాట ఏదైనా వస్తే తప్ప బయటపెట్టరట, ఆ సంగతి వాడికీ ముందే చెప్పారట. "నాతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడడు నాన్నా, వాళ్ళకి మాత్రం పేజీలు పేజీలు రాసిచ్చాడు" అని అమ్మాయి ఫోన్‌లో నా మీద కోప్పడింది. ఈ విషయంలో నేను యూనివర్సిటీ వాళ్ళ పక్షం. అమ్మ చదువుతుందని తెలిస్తే ఏ పద్నాలుగేళ్ళ కుర్రాడు నిజం రాస్తాడు?

ఫారం మాత్రం విసుగు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ పండగలు చేస్తారు, స్నేహితులు ఎవరు, ఒకటి నుంచి ఐదు వరకు ఎంత. ఇదంతా ఎందుకమ్మా అంటే ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. జాన్ బెర్రీ అనే కెనడా మనస్తత్వవేత్త వలస వెళ్ళినవాళ్ళకు నాలుగు దారులుంటాయన్నాడట: సొంత సంస్కృతినీ కొత్తదాన్నీ రెంటినీ పట్టుకోవడం, పాతది వదిలేసి కొత్తదాంట్లో కలిసిపోవడం, కొత్తదాన్ని దూరం పెట్టడం, రెంటికీ చెడ్డ రేవడి కావడం. ఆయనా, జీన్ ఫిన్నీ అనే మరో మనస్తత్వవేత్తా, ఇంకొందరూ కలిసి 13 దేశాల్లో వలస కుటుంబాల పిల్లల్ని 5,000 మందికి పైగా అడిగి 2006లో ఫలితాలు ప్రచురించారు. మొత్తమ్మీద మొదటి దారి పట్టినవాళ్ళే మెరుగ్గా ఉన్నారట. నేను బీఈడీలో, మనిషి మనసు ఎదిగే తీరు మీద ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఎనిమిది దశలూ బట్టీ పట్టి పాసైనవాణ్ణి. ఆయన కూడా 1933లో యూరప్ వదిలి అమెరికా చేరినవాడేనని మాకు ఏ లెక్చరరూ చెప్పలేదు.

ఇంత ఫారంలో వీసా గురించి ఒక్క ప్రశ్న లేదు. అరమార్కు కాదు, ఒక మార్కే కోసింది దీనికి. అల్లుడిది ఉద్యోగం మీద ఇచ్చే హెచ్1బీ వీసా, పిల్లాడిది దాని మీద ఆధారపడ్డ హెచ్4. 21 ఏళ్ళు నిండితే ఆ హెచ్4 చెల్లదు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి కదలదు. సంక్రాంతి పూట వీడియో కాల్‌లో కూడా ఆ ఇంట్లో ఇదే టెన్షన్. గారెలు తింటావా అని అడిగినవాళ్ళు ఇది అడగొద్దా? ఇంటర్వ్యూ చేసిన అమ్మాయికి ఆ మాటే చెప్పాను, రాసుకుంది.

ఇంటర్వ్యూ దగ్గరికొస్తే, ఆ అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది, అమ్మగారిది రాజాం వైపు. మాస్టారూ అని పిలిచింది. మీకు తెలిసినవాళ్ళలో మొదట దేశం మారిన పిల్లలెవరని అడిగింది. మనవడి పేరు చెబుతాననుకుంది కాబోలు, నేను బర్మా ఎత్తుకున్నాను. 1962లో అక్కడి సైన్యాధిపతి నే విన్ అధికారం పట్టి, తర్వాత కొట్లూ వ్యాపారాలూ జాతీయం చేసేసరికి లక్షల మంది మనవాళ్ళు ఓడలెక్కి వచ్చేశారు. కళింగపట్నం వైపు మా పల్లె బడిలో ఐదో తరగతికి అలా ఒకడొచ్చాడు. మా కన్నా నాలుగేళ్ళు పెద్ద. తెలుగు మాట్లాడేవాడు గాని రాయడం రాదు. లెక్కలు బర్మీస్‌లో గొణుక్కుంటూ చేసేవాడు. వాళ్ళ నాన్న రంగూన్‌లో సొంత కొట్టున్న మనిషి, ఇక్కడ మూటలు మోసేవాడు. ఆ మాట ఎవరైనా ఎత్తితే వీడు కొట్టడానికి వచ్చేవాడు.

దాని మీదే చాలాసేపు అడిగింది. మాస్టర్లు ఎలా చూశారు? ఒక్క స్నేహితుడైనా దొరికాడా? దొరికారు. వాడు పేము బంతి ఒకటి వెంట తెచ్చుకున్నాడు, బర్మాలో చిన్‌లోన్ అంటారు, చేత్తో ముట్టకుండా కాళ్ళతో గాల్లోనే ఆడించాలి. దాని కోసం ఊళ్ళో పిల్లలంతా వాడి వెనకే. అప్పుడామె హార్వర్డ్‌లో 1997లో మొదలైన ఒక పరిశోధన గురించి చెప్పింది. చైనా, హైతీ, మెక్సికో లాంటి చోట్ల నుంచి వచ్చిన 400 మంది పిల్లల్ని ఐదేళ్ళు వెంబడించారట. బళ్ళో తనను పట్టించుకునే మనిషి ఉండడం చదువుకి ఎంత అవసరమో అందులో తేలిందట. వలసలో చాలామంది పిల్లలు కొంతకాలం అమ్మకో నాన్నకో దూరంగా పెరిగారని కూడా. మా మనవడూ అమ్మానాన్నలు అక్కడ కుదురుకునేదాకా మా దగ్గరే ఉన్నాడు. తాతలని ఎందుకు అడుగుతున్నారో నాకప్పుడు అర్థమైంది.

మిగతా అరమార్కు చిన్నవాటికి. పారితోషికంగా పంపిన గిఫ్ట్ కార్డు అమెరికా దుకాణాల్లోనే చెల్లుతుంది, మనవడికిచ్చేశాం. ఫలితాల సారాంశం రెండు పేజీలు ఇంగ్లీషులో వచ్చింది. మా ఆవిడ వాళ్ళ ముందు కూర్చుని, పిల్లాడు విమానం ఎక్కిన రోజు సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ చదవలేని కాగితం ఆవిడకు పంపడం మర్యాద కాదు. చేరేముందే ఫలితాలు ఏ భాషలో ఇస్తారో అడగండి.

రెండో విడత ఉందంటున్నారు. కాగితం తెలుగులో వస్తేనే కూర్చుంటానని మా ఆవిడ అంది. అదే ఈమెయిల్‌లో రాశాను, వీసా ప్రశ్న సంగతి కూడా కలిపి. జవాబు ఇంకా రాలేదు.