బెర్లిన్‌లో నాటకానికి 18 యూరోలు, తాలింపు వాసనకు 75

బెర్లిన్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా. నాటకాల టికెట్లకు భయపడకండి, గదులకు భయపడండి. నేను, మావారు, మా బాబాయి వెళ్లాం. బాబాయి రిటైరైన తెలుగు మాస్టారు, ఒకప్పుడు గుంటూరు జిల్లా నాటక పరిషత్తు పోటీల్లో తెగ వేషాలు కట్టిన మనిషి. ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆయన కోసం. మావారికి నాటకమంటే నిద్ర. సామాన్లు మోయడానికి ఒకరుండాలిగా అని వచ్చారు.

జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకశాల, అదే బెర్లినర్ ఆన్సాంబుల్, ఫ్రీడ్రిష్‌స్ట్రాస్సె స్టేషన్‌లో దిగి స్ప్రీ నది దాటితే వచ్చేస్తుంది. పై బాల్కనీలో సీటు 18 యూరోలు, మన డబ్బుల్లో 1,900 దాకా. ఆ రోజు ఆట బ్రెహ్ట్ రాసిన 'త్రీపెనీ ఒపేరా'. 1928 ఆగస్టు 31న ఇది మొట్టమొదట ఆడింది కూడా ఈ స్టేజీ మీదే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అన్ని రోజులూ వెయ్యరు, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. కోట్లు విప్పి బయట ఇచ్చి రమ్మంటే బాబాయి కాసేపు మొండికేశాడు. "మావైపు పరిషత్తు నాటకానికి దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లమే అమ్మాయ్, ఇక్కడ ఉన్న కోటు కూడా లాక్కుంటున్నారు" అని.

లోపల చూస్తే కార్మికుల కవి నాటకశాల అని ఎవరూ అనుకోరు. ఎర్ర మఖమలు, బంగారు పూత, గోడల నిండా బొమ్మలు. 1892లో కట్టిన భవనం. బ్రెహ్ట్, ఆయన భార్య హెలెనె వైగెల్ 1949లో పెట్టిన బృందానికి 1954లో ఇది దక్కింది. ఆయన ఆ హంగులేవీ పీకించలేదు. రాజుగారి బాక్సు దగ్గరున్న గద్ద, అంటే పాత ప్రష్యా రాజ్యం గుర్తు, దాని మీద మాత్రం ఎర్ర రంగుతో అడ్డంగా ఇంటూ కొట్టించాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. బాబాయి దాన్ని చూడ్డానికి ఇంటర్వెల్‌లో కిందకీ పైకీ తిరిగి, రెండో భాగం మొదలయ్యాక ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాడు.

ఆ గద్దకు ఇంకో పాత లెక్క కూడా ఉంది. జర్మన్ రచయిత హాప్ట్‌మన్ రాసిన 'నేతగాళ్లు' నాటకం 1844లో ప్రష్యాలోని సైలీషియా నేతపనివాళ్లు చేసిన తిరుగుబాటు మీద. 1892లో బెర్లిన్ పోలీసులు దాన్ని ఆడనివ్వలేదు. పోలీసు అనుమతి కావాల్సింది బహిరంగ ప్రదర్శనకే, సంఘం సభ్యుల కోసం ఆడుకుంటే అడిగేవాడు లేడు. అందుకని 'ఫ్రయె బ్యూనె' అనే సంఘం 1893 ఫిబ్రవరి 26న సభ్యుల వరకే ఆడింది. ఎక్కడా అంటే, మేం కూర్చున్న ఈ భవనంలోనే. అప్పట్లో దీని పేరు 'నొయెస్ టెయాటర్'. ఆ తర్వాత కేసు కోర్టుకెళ్లింది. ఇక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్న డాయిచెస్ టెయాటర్‌లో ఆడుకోవచ్చని కోర్టు తీర్పిచ్చింది. దానికి చెప్పిన కారణం వినండి. అక్కడ టికెట్లు ఖరీదు, చవక సీట్లు తక్కువ, కాబట్టి వచ్చే జనం గొడవలకు దిగే రకం కాదట! 1894 సెప్టెంబరులో నాటకం ఆడితే జర్మనీ చక్రవర్తి కైజర్ విల్హెల్మ్ II కోపమొచ్చి తన బాక్సు వదులుకున్నాడు.

ఇది చెప్తే బాబాయి రోడ్డు మీదే ఆగిపోయి నవ్వాడు. "అంటే అణాకి ఆడితే తిరుగుబాటు, రూపాయికి ఆడితే కళ అన్నమాట!" తర్వాత మనకి బ్రిటిష్‌వాడు తెచ్చిన 1876 నాటక ప్రదర్శనల చట్టం మొదలుపెట్టి, ప్రజానాట్యమండలి మీదుగా, ట్రామ్ వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. మావారు మొహం తిప్పుకుని టైమ్‌టేబుల్ చదువుకున్నారు.

ఇక గది సంగతి. ప్రకటనలో "నాటకాల పేటలో, బ్రెహ్ట్ థియేటర్‌కు 5 నిమిషాలు" అని ఉంది. తీరా చూస్తే 5 నిమిషాలు ట్రామ్ స్టాపుకి, అక్కణ్ణుంచి ట్రామ్‌లో ఇంకో 35. రాత్రికి 124 యూరోలు. దాని మీద క్లీనింగ్‌కు 60. తువ్వాలుకు మనిషికి 6. సిటీ ట్యాక్స్ 7.5 శాతం, దీన్ని మాత్రం నేను తప్పు పట్టను, 2025 నుంచి ఊరంతా కట్టాల్సిందే. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ ముక్క ప్రకటనలోనూ లేదు. బాబాయి ఒక్కో అంతస్తు దగ్గర ఆగి, "మొదటి అంకం అయింది", "రెండో అంకం అయింది" అంటూ ఎక్కాడు. మూడో అంకం తర్వాత మాట్లాడలేదు.

గదిలో మంచం పైన గోడంతా బ్రెహ్ట్ పోస్టరు. నోట్లో చుట్ట, కింద మేం రాత్రే స్టేజీ మీద విన్న పాటలోని ముక్క: ముందు తిండి, ఆ తర్వాతే నీతి. దాన్ని చూసుకుంటూనే పొద్దున్నే ఉప్మా చేశాను. ఇంటి నుంచి తెచ్చుకున్న రవ్వ, ఆవాలు, ఎండుమిర్చి, కవర్లో వాడిపోయిన కరివేపాకు. వంటగది ఉందనే కదా ఆ డబ్బు పెట్టింది! ఖాళీ చేసిన మర్నాడు మెయిల్ వచ్చింది. "తీవ్రమైన వంట వాసన" కింద 200 డిపాజిట్‌లో 75 యూరోలు కోసేశారు. సాక్ష్యంగా ఒక ఫోటో. సింకు జాలీలో ఇరుక్కున్న రెండు కరివేపాకులు, పక్కన సైజు తెలియడానికి కాబోలు ఒక చెంచా. నేను జవాబుగా వాళ్ల పోస్టరు ఫోటోనే పంపాను. ఉలుకూ పలుకూ లేదు. బుకింగ్ సైట్‌వాళ్లని అడిగితే ఇంటి యజమాని నిబంధనలని చేతులు దులుపుకున్నారు. అందరికంటే బాధపడింది బాబాయి. ఉప్మా అడిగింది తనేనని ఆ తర్వాత ఎంత బతిమాలినా వట్టి బ్రెడ్డు తిన్నాడు.

బ్రెహ్ట్‌ను నిజంగా చూడాలనుంటే షొసేస్ట్రాస్సె 125కి వెళ్లండి. ఆయన చివరి ఇల్లు, 1956లో పోయేదాకా ఉన్నది. గైడుతోనే లోపలికి పంపుతారు, ముందే బుక్ చేసుకోవాలి. పక్కనే శ్మశానం. తత్వవేత్తలు హేగెల్, ఫిక్టె, వాళ్లకు దగ్గర్లో బ్రెహ్ట్, వైగెల్. ఆయన రాయి మీద పేరు తప్ప ఇంకేమీ లేదు. దీనికి టికెట్టు లేదు.

విప్లవ నాయకురాలు రోజా లుక్సెంబుర్గ్ పేరు పెట్టిన చౌకులో ఫోక్స్‌బ్యూనె ఉంది. మనకు బెర్లిన్‌లో అన్నిటికంటే నచ్చాల్సింది ఇది. 1890లో మొదలైన కార్మికుల నాటక సంఘం పైసా పైసా పోగేసి 1914లో కట్టుకున్న నాటకశాల. ఆ సంఘంలో అందరికీ ఒకటే రేటు, ఎవరెక్కడ కూర్చోవాలో చీటీలు తీసేవాళ్లు. ముందు వరస దొరికినవాడు దొర కాదు, వెనక వరస దొరికినవాడు కూలీ కాదు. 1920లలో పిస్కాటర్ అనే దర్శకుడు స్టేజీ మీద సినిమా రీళ్లు ఆడించి రాజకీయ నాటకానికి కొత్త దారి వేసింది ఇక్కడే. ముందు పచ్చిక మీద కాళ్లున్న చక్రం బొమ్మ ఒకటుంటుంది. 2017లో డైరెక్టర్ కాస్టోర్ఫ్ వెళ్లిపోయేటప్పుడు దాన్ని పీకేస్తే గొడవై, మళ్లీ తెచ్చి పెట్టారు. అక్కణ్ణుంచి నడిచి అలెగ్జాండర్‌ప్లాట్జ్‌కు వెళ్లొచ్చు. 1989 నవంబరు 4న తూర్పు బెర్లిన్ నాటకాలవాళ్లు పోలీసుల దగ్గర అనుమతి తీసుకుని మరీ లక్షలాది జనంతో సభ పెట్టిన చోటు. అయిదు రోజులకు గోడ పడింది. ఇప్పుడక్కడ షాపింగే. మావారు మొదటిసారి హుషారుగా కనిపించారు.

తర్వాత వెళ్లిన వైమార్ ఊరు సాఫీగా గడిచింది. గదీ బాగుంది, భోజనమూ బాగుంది, చెప్పడానికేం లేదు. జర్మన్ కవులు గ్యోటె, షిల్లర్‌ల విగ్రహం వెనకున్న నాటకశాలలోనే 1919లో జర్మనీ మొదటి ప్రజాస్వామ్య రాజ్యాంగాన్ని ఆమోదించారు, బెర్లిన్‌లో అల్లర్లని అక్కడికి వెళ్లి మరీ. అంతకు వందేళ్ల ముందు అదే ఊళ్లో గ్యోటె నాటకశాల పెత్తనం పోగొట్టుకున్నది మాత్రం ఒక కుక్క వల్ల. స్టేజీ మీద కుక్కతో వేషం కట్టించడం ఆయనకు ఇష్టం లేదు, ఆ ఊరేలే డ్యూకు దొరవారికి ఇష్టమైంది.

చెక్ రాజధాని ప్రాగ్‌లో నదికి దగ్గర్లో గది 2,100 కోరునాలు, లిఫ్టుతో సహా. వంట చేసుకోవచ్చా అని ముందే అడిగాను. ఇంటావిడ గరిటె కూడా తెచ్చిచ్చింది. బాబాయి ఆ రాత్రి అన్నం తిన్నాడు.

అక్కడి జాతీయ నాటకశాలలో కర్టెన్ పైన బంగారు అక్షరాలతో 'జాతి తనకు తానే' అని రాసి ఉంటుంది. ఆస్ట్రియా ఏలుబడిలో చెక్ భాషలో నాటకం చూసుకోవడానికి జనం చందాలేసుకుని కట్టుకున్నారు. 1881 జూన్‌లో తెరిచారు, ఆగస్టులో కాలిపోయింది. 47 రోజుల్లో పది లక్షల గుల్డెన్లు మళ్లీ పోగయ్యాయి, 1883లో మళ్లీ తెర లేచింది. 1989 నవంబరు 17న కమ్యూనిస్టు ప్రభుత్వ పోలీసులు ఊరేగింపుగా వచ్చిన విద్యార్థుల్ని కొట్టింది ఈ నాటకశాల ఉన్న వీధిలోనే. మర్నాటి నుంచి నటులు సమ్మెకట్టారు. ఆటలు ఆపి, అదే స్టేజీల మీద కూర్చుని ప్రేక్షకులతో మాట్లాడారు. అప్పట్లో అడ్రియా భవనంలో ఉన్న లాటెర్నా మాగికా అనే నాటకాల హాలు ఆ ప్రభుత్వాన్ని దించే ఉద్యమానికి ఆఫీసైంది. డిసెంబరు 29న, ఒకప్పుడు వేరే నాటకశాలల్లో సెట్లు మోసిన నాటక రచయిత హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు.

మేం తీసుకున్న పై గ్యాలరీ సీటు 390 కోరునాలు, ఇంచుమించు 1,650 రూపాయలు. మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి, స్టేజీ ఎడమవైపు మూల కనిపించదు, ఆ కర్టెన్ పై అక్షరాలు మాత్రం ఎదురుగా ఉంటాయి. పొడుగాటివాళ్లు ఇంకో 300 పెట్టి కింది వరస తీసుకోండి. మావారు మూడు గంటల ఒపేరాలో రెండు గంటలు నిద్రపోయి, బాగుందన్నారు. బాబాయి ఇంటర్వెల్‌కు కూడా లేవలేదు, సీటు పోతుందేమోనని.